చర్చి వాలంటీర్ల కార్యక్రమాల్లో బాలల రక్షణ

చర్చిల్లో జీతం లేకుండా సేవ చేసేవారి పర్యవేక్షణలో ఉండే పిల్లలపై లైంగిక, శారీరక, మానసిక హింస జరగకుండా ముందుగా చేసుకునే ఏర్పాట్లను, జరిగిందని తెలిసినప్పుడు తీసుకోవలసిన చర్యలను కలిపి బాలల రక్షణ విధానం అంటారు. సండే స్కూలు, వేసవి సెలవుల్లో నడిపే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్), యువజన శిబిరాలు, క్వయర్, క్రిస్మస్ క్యారల్స్ బృందాలు దీని పరిధిలోకి వస్తాయి. వాలంటీర్ల ఎంపిక, వారికి శిక్షణ, ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకుండా చూసే నియమాలు, ఫిర్యాదును పోలీసులకు చేర్చే పద్ధతి ఇందులో ముఖ్యమైనవి.

1990ల నుంచి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో వెలుగులోకి వచ్చిన కేసులు, వాటిపై జరిగిన విచారణలు ఈ విధానాలకు రూపమిచ్చాయి. హాని చేసినవారిలో చాలామంది సంఘం పూర్తిగా నమ్మినవారేనని ఆ విచారణల్లో పదేపదే తేలింది. కాబట్టి మనిషి మంచివాడా కాదా అన్న అంచనా మీద కాకుండా, ఎవరున్నా ఒకేలా పనిచేసే ఏర్పాటు మీద పిల్లల భద్రత నిలవాలన్నది ఈ రంగంలో స్థిరపడిన సూత్రం. భారతదేశంలో పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం, దాని కింద 2020లో వచ్చిన నియమాలు చర్చిలకూ వర్తిస్తాయి.

పరిధి

సండే స్కూలు ఉద్యమానికి 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పునాది వేశాడు. వారమంతా పనికి పోయే పేద పిల్లలకు ఆదివారం చదువు చెప్పించడం ఆయన ఉద్దేశం. మొదట్లో టీచర్లకు కూలి ముట్టజెప్పేవారు. ఉద్యమం పెరిగేకొద్దీ అది జీతం లేని సేవగా మారింది. మిషనరీలతో పాటు అదే పద్ధతి భారతదేశానికీ వచ్చింది.

బడి టీచరుకూ చర్చి వాలంటీరుకూ తేడా ఇక్కడే ఉంది. బడిలో అర్హత పత్రాలు, నియామక ఉత్తర్వు, పై అధికారి తనిఖీ ఉంటాయి. చర్చిలో పిల్లల క్లాసు తీసుకోవడానికి మనిషి దొరకడమే కష్టం. తమంతట తాము ముందుకొచ్చినవారిని వివరాలు అడగడానికి సంఘ పెద్దలు మొహమాటపడతారు. పైగా వాలంటీర్లలో పదిహేను, పదహారేళ్ల వాళ్లూ ఉంటారు. చట్టం దృష్టిలో వాళ్లూ పిల్లలే. రక్షణ విధానాన్ని వాళ్లు పాటించడం ఎంత అవసరమో, అది వాళ్లను కాపాడటమూ అంతే అవసరం.

హింస అంటే లైంగిక వేధింపులు మాత్రమే కాదు. కొట్టడం, అందరి ముందూ అవమానించడం, నిర్లక్ష్యం చేయడం, నరకం పేరు చెప్పి భయపెట్టి లొంగదీసుకోవడం కూడా దీని కిందికే వస్తాయి. దయ్యం పట్టిందన్న నమ్మకంతో పిల్లలను హింసించడం మరో రూపం. లండన్‌లో 2000 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ, తనను పెంచుతున్న బంధువు, ఆమె సహచరుడు పెట్టిన హింసకు చనిపోయింది. అంతకు ముందు ఆ బంధువు పిల్లను చర్చిలకు తీసుకెళితే, దయ్యం వదిలించే ప్రార్థనల గురించి మాట్లాడారు గానీ అధికారులకు ఎవరూ చెప్పలేదు. ఆ మరణంపై 2003లో వచ్చిన లామింగ్ నివేదిక 108 సిఫార్సులు చేసింది. బ్రిటన్‌లో 2004లో కొత్త బాలల చట్టం రావడానికి అది దారితీసింది.

చరిత్ర

అమెరికాలో యునైటెడ్ మెథడిస్ట్ చర్చి 1996లో, తర్వాత సేఫ్ శాంక్చురీస్‌గా పేరుపడిన పద్ధతికి పునాదిగా, స్థానిక సంఘాలన్నిటికీ రక్షణ నియమాలు ఉండాలని తీర్మానించింది. వాలంటీర్ల గురించి ప్రత్యేకంగా ఆలోచించిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఇది ఒకటి. సంఘాలను ఈ దారి పట్టించడంలో కోర్టు దావాలకూ, బీమా కంపెనీల షరతులకూ పాత్ర ఉంది.

2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక ప్రచురించిన పరిశోధన కథనాలతో సమస్య ప్రపంచం దృష్టికి వచ్చింది. ఆరోపణలు వచ్చిన ఫాదర్లను శిక్షించకుండా ఒక చర్చి నుంచి మరో చర్చికి బదిలీ చేస్తూ వచ్చారని ఆ కథనాలు బయటపెట్టాయి. అదే ఏడాది జూన్‌లో అమెరికా కతోలిక బిషప్పులు డల్లాస్‌లో సమావేశమై బాలల రక్షణకు ఒక చార్టర్ ఆమోదించారు. డిసెంబరులో బోస్టన్ కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. జాన్ జే కాలేజీ 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1950 నుంచి 2002 వరకు 4,392 మంది గురువులపై (ఫాదర్లపై) ఆరోపణలు వచ్చాయి. ఫిర్యాదు చేసిన బాధితులు 10,667 మంది. ఈ లెక్కలు గురువులవి. కానీ డల్లాస్ చార్టర్ తెచ్చిన పూర్వాపరాల తనిఖీ, శిక్షణ, ఏటా ఆడిట్ అన్న మూడు నియమాలు పిల్లలతో పనిచేసే వాలంటీర్లకూ వర్తించాయి.

బ్రిటన్‌లో మార్పుకు మూలం చర్చి వెలుపల ఉంది. 2002 ఆగస్టులో సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు పదేళ్ల బాలికలను ఒక స్కూలు కేర్‌టేకర్ హత్య చేశాడు. అతనిపై అంతకు ముందే మరో ప్రాంత పోలీసులకు ఆరోపణలు అందినా ఉద్యోగమిచ్చేటప్పుడు అవి బయటికి రాలేదు. 2004 నాటి బిచర్డ్ విచారణ, 2006 నాటి చట్టం, నేర చరిత్రను తనిఖీ చేసేందుకు 2012లో ఏర్పడిన డీబీఎస్ అనే సంస్థ దాని ఫలితాలు. వారానికొకసారి లేదా అంతకన్నా ఎక్కువగా, లేక నెలలో నాలుగు రోజులకు తగ్గకుండా, ఇతరుల పర్యవేక్షణ లేకుండా పిల్లలకు పాఠం చెప్పేవారికి ఉన్నత స్థాయి తనిఖీ వర్తిస్తుంది. తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల మధ్య పిల్లల దగ్గర ఉండే పని ఒక్కసారి చేసినా చాలు. వాలంటీర్ల నుంచి డీబీఎస్ రుసుము తీసుకోదు.

ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 వరకు పనిచేసిన రాయల్ కమిషన్ 8,000 మందికి పైగా బాధితులను విడివిడిగా కూర్చోబెట్టుకుని విన్నది. వారిలో సగానికి పైగా మత సంస్థల్లో జరిగిన హింస గురించి చెప్పారు. 17 సంపుటాల తుది నివేదికతో కలిపి కమిషన్ మొత్తం 409 సిఫార్సులు చేసింది. పిల్లలకు భద్రమైన సంస్థ ఎలా ఉండాలో చెప్పే 10 ప్రమాణాలను కమిషన్ రూపొందించింది. వాటి ఆధారంగా 2019లో జాతీయ సూత్రాలు వచ్చాయి.

పోప్ ఫ్రాన్సిస్ 2014లో బాలల రక్షణకు ఒక కమిషన్‌ను నియమించారు. ఫిర్యాదులను చర్చి అధికారులకు నివేదించడం గురువులు, మఠవాసుల విధి అని 2019లో ప్రత్యేక శాసనం చేశారు. 2023లో సవరించి, వాటికన్ గుర్తింపు పొందిన అంతర్జాతీయ సంఘాలను నడిపే సామాన్య విశ్వాసులనూ దాని కిందికి తెచ్చారు.

స్మైథ్ ఉదంతం

వాలంటీర్ల విషయంలో ఎక్కువగా ఉదహరించే కేసు జాన్ స్మైథ్‌ది. అతను ఫాదరూ కాదు, పాస్టరూ కాదు. లండన్‌లో పేరున్న బారిస్టర్. పెద్దింటి పిల్లలు చదివే బడుల విద్యార్థుల కోసం నడిచే క్రైస్తవ వేసవి శిబిరాల్లో నాయకుడు, వాటిని నడిపే ట్రస్టుకు కొన్నేళ్లు అధ్యక్షుడు. 1970ల చివర్లో, 1980ల మొదట్లో అక్కడ పరిచయమైన అబ్బాయిలను వించెస్టర్‌లోని తన ఇంటికి పిలిచి, పాపానికి ప్రాయశ్చిత్తమంటూ పెరట్లోని షెడ్డులో బెత్తంతో దారుణంగా కొట్టేవాడు.

1982లోనే శిబిరాల పెద్దలకు ఈ సంగతి తెలిసింది. వారిలో ఒక పాస్టరు బాధితులతో మాట్లాడి నివేదిక రాశారు. అది కొద్దిమంది చేతుల్లోనే తిరిగింది. పోలీసులకు చెప్పలేదు. 1984లో స్మైథ్ జింబాబ్వే వెళ్లి అక్కడా బాలుర శిబిరాలు పెట్టాడు. 1992 డిసెంబరులో అతని శిబిరంలో 16 ఏళ్ల విద్యార్థి ఈతకొలనులో శవమై తేలాడు. దానిపై పెట్టిన కేసు తీర్పు దాకా రాలేదు. ఆ తర్వాత అతను దక్షిణాఫ్రికా చేరాడు. 2017 ఫిబ్రవరిలో బ్రిటన్‌కు చెందిన చానల్ 4 న్యూస్ ఈ కథను ప్రసారం చేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో, విచారణను ఎదుర్కోకుండానే స్మైథ్ చనిపోయాడు.

ఈ కేసును పరిశీలించి 2024 నవంబరులో వచ్చిన మేకిన్ సమీక్ష బాధితుల సంఖ్య వందకు పైనేనని తేల్చింది. ఇంగ్లండ్ చర్చి ఉన్నతాధికారులకు 2013లో మళ్లీ సమాచారం అందినా సరైన చర్య తీసుకోలేదని తప్పుబట్టింది. కొద్ది రోజులకే కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. స్మైథ్ మీద అతను ఇంగ్లండ్‌లో ఉన్నంత కాలం పోలీసు కేసే లేదు కాబట్టి, పూర్వాపరాల తనిఖీ ఆనాడు ఉన్నా అందులో ఏమీ దొరికేది కాదు. శిబిరంలో పరిచయమైన పిల్లలను ఒంటరిగా ఇంటికి పిలవకూడదన్న నియమం, 1982లో పోలీసులకు ఒక్క ఫోన్ కాల్ అతన్ని ఆపగలిగేవి.

హాని జరిగే తీరు

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫింకెల్‌హోర్ 1984లో ఒక వివరణ ఇచ్చాడు. పిల్లలపై లైంగిక దాడి జరగాలంటే నాలుగు షరతులు నెరవేరాలి. ఆ వ్యక్తిలో అటువంటి కోరిక ఉండాలి, మనస్సాక్షి అడ్డు తొలగాలి, బయటి నిఘా లేకుండా అవకాశం దొరకాలి, పిల్ల ప్రతిఘటనను దాటగలగాలి. మొదటి రెండూ మనిషి లోపలి సంగతులు. వాటిని సంఘం చూడలేదు. నాలుగో భారాన్ని పిల్లల నెత్తిన పెట్టడం న్యాయం కాదు. చర్చి చేతిలో పూర్తిగా ఉన్నది మూడోది. నివారణ నియమాల్లో ఎక్కువ భాగం దాని చుట్టూ అల్లుకున్నవే.

హాని చేసేవాడు సాధారణంగా బలప్రయోగంతో మొదలుపెట్టడు. మెల్లగా మచ్చిక చేసుకుంటాడు. దీన్నే గ్రూమింగ్ అంటారు. ఒక పిల్లను ప్రత్యేకంగా చూడటం, ఎవరికీ చెప్పకుండా కానుకలివ్వడం, తల్లిదండ్రులను ఇబ్బందుల్లో ఆదుకుని ఇంట్లో మనిషిలా కలిసిపోవడం, చిన్న చిన్న నియమాలను దాటి ఎవరైనా అడుగుతారేమో చూడటం దీని లక్షణాలు. మచ్చిక పిల్లతో ఆగదు. కుటుంబానికీ సంఘానికీ కూడా అతను మంచివాడిగా, అవసరమైనవాడిగా కనిపిస్తాడు. అందుకే ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట వినిపించేది అతనలాంటివాడు కాదన్న మాట.

తెలుగు సంఘాల్లో వాలంటీర్లను పిల్లలు అన్నా, అక్కా, ఆంటీ, బ్రదర్ అని పిలుస్తారు. ఆ ఆప్యాయత సంఘ జీవితానికి బలం. అయితే అన్నలాంటివాడితో పిల్లను పంపడానికి ఎవరూ జంకరు. ఎక్కడికి, ఎంతసేపు అని అడిగితే అనుమానిస్తున్నట్లు ఉంటుందని ఊరుకుంటారు. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు ఈ మొహమాటానికి తావుండదు. అడగడం అనుమానం కాదు, పద్ధతి అవుతుంది.

వాలంటీర్ల ఎంపిక, శిక్షణ

ఎంపికలో సాధారణంగా ఐదు మెట్లుంటాయి: రాతపూర్వక దరఖాస్తు, గుర్తింపు పత్రం, బంధువులు కాని ఇద్దరు ముగ్గురితో ఆరా, ముఖాముఖి మాటలు, పోలీసు తనిఖీ. గతంలో సేవ చేసిన సంఘానికి ఫోన్ చేసి, ఇతనికి మళ్లీ పిల్లల క్లాసు అప్పగిస్తారా అని నేరుగా అడగడం వీటిలో చాలా పనికొచ్చేది. సంఘంలో కనీసం ఆరు నెలలు ఉన్నవారికే పిల్లల పని అప్పగించాలన్న నియమం చాలా చోట్ల ఉంది. తొందరగా పిల్లల దగ్గరికి చేరాలనుకునేవారు అన్నాళ్లు ఆగరన్నది ఒక కారణం. ఆ వ్యవధిలో నలుగురూ అతన్ని గమనించగలగడం మరో కారణం. యూత్ లీడర్ తను చూసుకునే పిల్లలకన్నా కనీసం ఐదేళ్లు పెద్దవాడై ఉండాలని సేఫ్ శాంక్చురీస్ పద్ధతి చెబుతుంది.

పోలీసు తనిఖీకి ఒక హద్దుంది. పట్టుబడి, కేసు నమోదైనవారినే అది చూపగలదు. అందుకే అది ఎంపికలో ఒక మెట్టే తప్ప భద్రతకు హామీ కాదు.

శిక్షణ పని మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత నియమిత కాలానికి మళ్లీ ఇస్తారు. హింస లక్షణాలు, మచ్చిక చేసుకునే తీరు, పిల్ల నోరు విప్పినప్పుడు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి అన్నవి ఇందులో ఉంటాయి. నియమావళి చదివి సంతకం చేశాకే పిల్లల క్లాసుకు పంపుతారు. పాస్టరు కొడుకైనా, సంఘ పెద్ద భార్యైనా ఇందులో మినహాయింపు ఉండకూడదు.

ఇద్దరు పెద్దల నియమం

ఏ గదిలోనైనా, ఏ బండిలోనైనా పిల్లలతో పాటు కనీసం ఇద్దరు పెద్దలుండాలన్నది అన్నిటికన్నా కీలకమైన నియమం. ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వారు కాకూడదు. భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేయడం అరుదు. ఈ నియమం వాలంటీరుకూ రక్షణే. అబద్ధపు ఆరోపణ వస్తే పక్కన సాక్షి ఉంటాడు. సంఖ్యల విషయంలో బ్రిటన్‌లోని ఎన్‌ఎస్‌పీసీసీ అనే బాలల రక్షణ సంస్థ నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వారు ఎనిమిది మందికి ఒకరు, ఆపై వయసు వారు పది మందికి ఒకరు చొప్పున పెద్దలుండాలని, ఎంత చిన్న బృందమైనా ఇద్దరికి తగ్గకూడదని సూచిస్తుంది.

ఈ నియమాలు పాటించే సంఘంలో వీబీఎస్ ఉదయం ఇలా ఉంటుంది. గేటు దగ్గర బల్ల వేసి ఒక అక్క రిజిస్టరు పట్టుకుని కూర్చుంటుంది. పిల్ల పేరు, వయసు, అమ్మానాన్నల ఫోన్ నంబరు, పడని తిండి, మధ్యాహ్నం తీసుకెళ్లడానికి ఎవరొస్తారన్నది రాసుకుంటుంది. పిల్ల చొక్కాకు ఒక నంబరు అంటించి, అదే నంబరున్న చీటీ తల్లి చేతిలో పెడుతుంది. క్లాసు గదుల తలుపులు తీసే ఉంటాయి, లేదా తలుపుకు అద్దముంటుంది. స్టోర్‌రూమ్‌కు, మేడ మీది గదులకు తాళం వేసి ఉంటుంది. చిన్న పిల్లలను బాత్రూమ్‌కు ముగ్గురు నలుగురిని కలిపి తీసుకెళతారు. పెద్దలు బయట తలుపు దగ్గరే నిలబడతారు. ఏ క్లాసూ తీసుకోని మనిషి ఒకరు వరండాలో తిరుగుతూ ప్రతి గదిలోకీ తొంగి చూస్తుంటారు. మధ్యాహ్నం చీటీ లేకుండా వచ్చినవారు సొంత మేనమామైనా సరే, తల్లికి ఫోన్ చేసి అడిగాకే పిల్లను పంపుతారు.

శిబిరాలు, ప్రయాణాలు, ఫోన్లు

రాత్రి బసలో ప్రమాదం ఎక్కువ. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు గదులు, పెద్దలకు వేరే పడకలు, ప్రతి గదికీ బాధ్యులుగా ఇద్దరి పేర్లు, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, అత్యవసర నంబర్లు ముందే సిద్ధం చేసుకోవాలి. బండి మీద ఒక పిల్లను ఒక పెద్దమనిషి దింపడం మానేసి, ఆటోలోనో వ్యానులోనో గుంపుగా పంపాలి. చివర దిగే పిల్లతో ఒక్కరే మిగలకుండా దారి వేసుకోవాలి.

ఫోన్ విషయంలో నియమం సులభం: వాలంటీరు పిల్లలకు విడిగా మెసేజ్ పెట్టకూడదు. సమాచారమంతా తల్లిదండ్రులూ మరో లీడరూ ఉన్న వాట్సాప్ గ్రూపులోనే ఉండాలి. పిల్లల ఫొటోలను అనుమతి లేకుండా ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో పెట్టకూడదు. ఆన్‌లైన్ ప్రార్థనా కూటాల్లోనూ ఇద్దరు పెద్దల నియమం వర్తిస్తుంది.

పిల్లలు చెప్పినప్పుడు

పిల్లలు జరిగింది ఒక్కసారిగా, వరుసగా చెప్పరు. ఒక ముక్క చెప్పి ఎదుటివారి ముఖం చూస్తారు. విన్నవారు కంగారుపడినా, నమ్మకపోయినా అక్కడితో ఆపేస్తారు. అందుకే వాలంటీర్లకు నేర్పే మొదటి పాఠం ప్రశాంతంగా వినడం. చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు అని ధైర్యం చెప్పాలి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకూడదు. గుచ్చి గుచ్చి అడగడం, సమాధానం నోటికందించే ప్రశ్నలు వేయడం తర్వాత కోర్టులో కేసును బలహీనపరుస్తాయి. విన్న వెంటనే తేదీ, సమయంతో పిల్ల అన్న మాటలనే రాసిపెట్టుకోవాలి.

ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని పిలిచి నిలదీయకూడదు. అది అతనికి ముందస్తు హెచ్చరిక అవుతుంది. పిల్లను, అతన్ని సంఘ పెద్దల ముందు ఎదురెదురుగా కూర్చోబెట్టి నిజం తేల్చాలనుకోవడం పిల్లపై జరిగే మరో హింస. విచారణ ముగిసేదాకా అతన్ని పిల్లల పని నుంచి తప్పించాలి. అది శిక్ష కాదని, అందరికీ వర్తించే నియమమని ముందే రాసి ఉంచుకుంటే గొడవలు తగ్గుతాయి.

భారతదేశంలో చట్టం

పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లలోపు అందరూ దాని ప్రకారం పిల్లలే. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని, జరగబోతోందని తెలిసిన ఎవరైనా స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. ఈ సెక్షన్ పాస్టర్లకు గానీ, పాపసంకీర్తనం (కన్ఫెషన్) విన్న ఫాదర్లకు గానీ మినహాయింపు ఇవ్వలేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే అది ఏడాది వరకు ఉంటుంది. సదుద్దేశంతో ఫిర్యాదు చేసినవారికి చట్టం రక్షణ ఇస్తుంది.

మత సంస్థ యాజమాన్యంలో, సిబ్బందిలో ఉన్నవారు ఆ సంస్థలోని పిల్లలపై చేసే నేరాన్ని ఈ చట్టం తీవ్రమైనదిగా లెక్కగడుతుంది. పిల్లలకు సంబంధించి నమ్మకమున్న స్థానంలో లేదా అధికార స్థానంలో ఉన్నవారు చేసినా అంతే. జీతం లేదు కదా అని వాలంటీరు తప్పించుకోవడానికి ఈ రెండో మాట అవకాశమివ్వదు. 2019 సవరణ తర్వాత తీవ్రమైన పెనెట్రేటివ్ లైంగిక దాడికి కనీస శిక్ష 20 ఏళ్లు, గరిష్ఠం మరణశిక్ష. పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లో లేదా పిల్ల కోరుకున్న చోట, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. పిల్ల పేరు, ఊరు, ఫొటో బయటపెట్టడం నేరం. సాక్ష్యం చెప్పే కూటాల్లో, ప్రార్థన విన్నపాల్లో పేరెత్తకుండా చర్చిలు జాగ్రత్తపడాల్సింది ఇందుకే.

2020 నాటి పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో తరచూ పనిచేసే సంస్థలు తమ సిబ్బందికి నియమిత కాలానికోసారి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, శిక్షణ ఇప్పించాలి. ఈ నియమం సిబ్బంది, ఉద్యోగుల పేరెత్తుతుంది గానీ వాలంటీర్ల మాట విడిగా ఎత్తదు. ఆ ఖాళీని సంఘాలే తమ సొంత నియమావళితో పూరించుకోవాలి. కేంద్ర హోం శాఖ 2018లో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్‌ను ప్రారంభించింది. అది పోలీసులకు, దర్యాప్తు సంస్థలకు మాత్రమే అందుబాటులో ఉంది. చర్చిల ఆధ్వర్యంలోని హాస్టళ్లలో నిరాధార బాలల కోసం నడిచేవాటిని 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరు చేయించాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు దేశంలో ఎక్కడి నుంచైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తెలుగు సంఘాల్లో

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో 53 శాతానికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపులకు గురైనట్లు చెప్పారు. ఎక్కువ కనిపించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది చర్చిల గురించి చేసిన అధ్యయనం కాదు. సండే స్కూలుకు వచ్చే పిల్లల్లో ఇంట్లోనో, వీధిలోనో, బడిలోనో హింసను అనుభవిస్తున్నవారు ఉండవచ్చని అది గుర్తుచేస్తుంది. వారానికోసారి చూసే టీచరమ్మే ఆ పిల్ల ధైర్యంగా చెప్పుకోగల ఏకైక మనిషి కావచ్చు.

సీఎస్ఐ, లూథరన్, కతోలిక సంఘాలకు అధ్యక్ష మండలమో, సినడో, మేత్రాసనమో పైన ఉంటుంది. నియమం ఒకచోట చేస్తే కింది దాకా అమలు చేయించవచ్చు. ఊరూరా ఉన్న స్వతంత్ర సంఘాలకు అటువంటి పై అంచె లేదు. ఒకచోట ఆరోపణ వచ్చిన వ్యక్తి పక్క మండలంలోని మరో సంఘంలో బ్రదర్‌గా చేరితే అడ్డుకునేవారు ఉండరు. అమెరికాలో సదరన్ బాప్టిస్ట్ సంఘాలు ఇదే చిక్కు ఎదుర్కొన్నాయి. 2019లో హ్యూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్ న్యూస్ పత్రికలు రెండు దశాబ్దాల్లో దాదాపు 380 మంది నాయకులు, వాలంటీర్లపై వచ్చిన ఆరోపణలను, 700 మందికి పైగా బాధితులను లెక్కతేల్చాయి. ప్రతి సంఘమూ స్వతంత్రం కాబట్టి జాబితా పెట్టలేమని జాతీయ సంస్థ చెబుతూ వచ్చింది. కార్యాలయంలో 703 పేర్లతో రహస్య జాబితా ఉందని 2022 దర్యాప్తులో బయటపడింది.

డిసెంబరు రాత్రుల్లో క్యారల్స్‌కు ఇల్లిల్లూ తిరగడం, గుడారాల సభలకు దూరం వెళ్లి బసచేయడం, వేసవిలో బయటి నుంచి వచ్చిన వీబీఎస్ బృందం సంఘంలోనే మకాం పెట్టడం తెలుగు సంఘాల్లో మామూలు. బయటి నుంచి వచ్చిన వక్తలకూ, బైబిలు కాలేజీ విద్యార్థులకూ అవే నియమాలు వర్తింపజేయాలి. పేరున్న సేవకుడి విషయంలో నియమాన్ని సడలించడం స్మైథ్ కేసు నేర్పిన పాఠానికి సరిగ్గా విరుద్ధం.

ఫిర్యాదుకు అడ్డొచ్చేవి పరువు భయం, ఆడపిల్లకు సంబంధాలు రావన్న దిగులు, దైవసేవకుల మీద నోరెత్తితే దోషమన్న నమ్మకం, బయట తెలిస్తే క్రైస్తవులను వేలెత్తి చూపుతారన్న ఆందోళన. హైదరాబాద్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన భరోసా కేంద్రం వంటి చోట్ల వైద్య పరీక్ష, వాంగ్మూలం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకే గొడుగు కింద దొరుకుతాయి. పోలీసు స్టేషన్ మెట్లెక్కడానికి జంకే కుటుంబాలకు ఇది ఉపయోగం.

విదేశాల్లోని తెలుగు సంఘాలకు ఆయా చోట్ల చట్టాలు వర్తిస్తాయి. కాలిఫోర్నియాలో 2022 నుంచి నెలకు 16 గంటలు లేదా ఏడాదికి 32 గంటలు మించి పిల్లలతో గడిపే వాలంటీర్లకు పూర్వాపరాల తనిఖీ, శిక్షణ తప్పనిసరి. టెక్సాస్‌లో అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరూ అధికారులకు తెలియజేయాలి. చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం కూడుకునే చిన్న సంఘానికీ మినహాయింపు లేదు.

వివాదాలు, పరిమితులు

చిన్న సంఘాల నుంచి వచ్చే అభ్యంతరం మనుషులు చాలరన్నది. దానికి నిపుణుల సమాధానం రెండు క్లాసులు కలిపేయడం, ఆరుబయట అందరి కళ్లెదుట నడపడం. ఇద్దరు దొరకని రోజు ఆ కార్యక్రమం వాయిదా వేయడమే మంచిదంటారు. కాగితాల మీద విధానం రాసుకుని బీరువాలో పెట్టేయడం మరో లోపం. అమెరికా కతోలిక చర్చి ఏటా ఆడిట్ చేయించేది అందుకే.

క్షమాపణ విషయంలోనూ వాదోపవాదాలున్నాయి. పశ్చాత్తాపపడినవాడిని చేర్చుకోవాలన్న క్రైస్తవ బోధను కొందరు నేరస్థులను తిరిగి పిల్లల దగ్గరికి రానివ్వడానికి వాడుకున్నారు. బ్రిటన్‌లోని సంఘాలు శిక్ష అనుభవించి వచ్చినవారిని రాతపూర్వక ఒప్పందంతో ఆరాధనకు రానిస్తాయి. ఎక్కడ కూర్చోవాలి, ఎవరు వెంట ఉంటారన్నది అందులో ఉంటుంది. పిల్లల పని మాత్రం వారికి ఎప్పటికీ అప్పగించరు. పాపసంకీర్తనం రహస్యంపైనా చర్చ సాగుతోంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2020 నుంచి పాపసంకీర్తనంలో విన్న సంగతినీ నివేదించాలని చట్టం చేసింది. కతోలిక చర్చి దాన్ని వ్యతిరేకించింది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఫిర్యాదును ఎవరు విచారించాలన్నది. సంస్థ తన మీద వచ్చిన ఆరోపణను తానే తేల్చుకుంటే పరువు వైపే మొగ్గుతుందని ఆస్ట్రేలియా, బ్రిటన్ విచారణలు చూపాయి. అయినా ఇంగ్లండ్ చర్చి సర్వసభ్య సినడ్ 2025 ఫిబ్రవరిలో ఈ పనిని పూర్తిగా బయటి సంస్థకు అప్పగించడానికి వెంటనే ఒప్పుకోలేదు. కొంతభాగాన్ని మాత్రమే వేరుచేసే పద్ధతిని ముందుగా ఎంచుకుంది. భారతదేశంలో ఈ ప్రశ్నకు చట్టం ముందే జవాబిచ్చింది. 19వ సెక్షన్ ప్రకారం సమాచారం చేరాల్సింది సంఘ కమిటీకి కాదు, పోలీసులకు. సంఘంలో కమిటీ ఉండవచ్చు, ఉండటం మంచిదే. నియమాలు అమలవుతున్నాయో లేదో చూడటం, పిల్లకూ కుటుంబానికీ అండగా నిలవడం దాని పని. నేరం జరిగిందో లేదో తేల్చే పని దానిది కాదు.